రోహిణి కార్తెలో పరుగు

వైద్యవృత్తి నుండి విరమించిన తరువాత నాకు మిగిలిన నియమాలలో ఆదివారపు పరుగు ఒకటి. నంద్యాలలో ప్రతి ఆదివారం తెల్లవారకముందే నలభై యాభై మందిమి ఒక పాఠశాల మైదానం వద్ద కలుసుకుంటాము. వారిలో పరుగెత్తేవారు సగం మంది మాత్రమే. తక్కినవారిలో వేగంగా నడిచేవారున్నారు, మెల్లగా నడిచేవారున్నారు, నడక తరువాతి టీ కోసం, కబుర్ల కోసం వచ్చేవారూ ఉన్నారు. ఉపాధ్యాయులు, బియ్యం వ్యాపారులు, బ్యాంకు ఉద్యోగులు, విత్తనాల దుకాణాల వారు, గృహిణులు, కొద్దిమంది విద్యార్థులు. నలభై దాటినవారిలో మధుమేహమో, రక్తపుపోటో లేనివారు తక్కువ. వీరిలో చాలామందికి "రోజూ నడవండి" అని మందుల చీటీ మీద వ్రాసి ఇచ్చినవాడిని నేనే. చీటీ మీద వ్రాసినంత మాత్రాన ఎవరూ నడవరని దశాబ్దాల అనుభవం నేర్పింది. అందుకే విరమణ తరువాత వారితో పాటు నేనూ రోడ్డెక్కాను.

తొలి రోజులలో నేనొక నినాదం చెప్పేవాణ్ణి: "ఎండైనా, వానైనా ఆదివారం ఆగదు." ఒక్క వారం మానితే రెండవ వారం మానడం సులభమవుతుంది, మూడవ వారానికి బూట్లు మంచం కిందికి చేరుతాయి. కనుక మినహాయింపులు ఉండరాదన్నది నా నమ్మకం. ఆ నమ్మకంలో కొంత నిజం లేకపోలేదు. అయితే దానిలోని లోపం నాకు ఆళ్లగడ్డ రోడ్డు మీద తెలిసివచ్చింది. ఆ సంగతిని దాచకుండా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ ఏప్రిల్ ఆదివారం

ఆళ్లగడ్డ నంద్యాలకు దక్షిణాన సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఉద్యోగపు తొలి సంవత్సరాలలో నేను అక్కడ పనిచేశాను. ఆ పాత పరిచయాల వలన అక్కడ కూడా ఒక చిన్న నడక బృందం ఏర్పడింది. సంవత్సరానికొకసారి రెండు ఊళ్ళవారమూ కలిసి ఆళ్లగడ్డలో పది కిలోమీటర్లు పరుగెత్తాలని నిశ్చయించుకున్నాము. పిల్లల పరీక్షలు ముగిసి ఉంటాయి, దూరాన ఉద్యోగాలు చేసేవారు సెలవులకు వస్తారు అన్న ఆలోచనతో ఏప్రిల్ చివరి ఆదివారాన్ని ఎంచుకున్నాము. ఎండ గురించి ఎవరూ ప్రస్తావించలేదు. వైద్యుణ్ణి నేనుండి కూడా ప్రస్తావించలేదు.

పరుగు ఉదయం ఆరు గంటలకు మొదలుకావాలి. జెండా ఊపవలసిన అతిథి ఆలస్యంగా వచ్చారు. ఆ తరువాత శాలువాలు, ప్రసంగాలు. చివరకు ఏడున్నర అయింది. అప్పటికే నీడ వెదుక్కునేంత ఎండ కాస్తున్నది. "దూరం సగానికి తగ్గిద్దాం" అని నోటి చివరి దాకా వచ్చిన మాటను మింగివేశాను. అన్ని ఏర్పాట్లు చేసిన తరువాత, అందరూ ఉత్సాహంగా నిలబడి ఉండగా, ఆ మాట అనడానికి నాకు మొహమాటం అడ్డువచ్చింది.

ఎనిమిదవ కిలోమీటరు వద్ద ఒక యువకుడి నడక తేడాగా కనిపించింది. అతనిది ఆళ్లగడ్డే. బెంగళూరులో రోజంతా ఏ.సి. గదిలో కూర్చుని చేసే ఉద్యోగం. సెలవుకు వచ్చి మూడు రోజులే అయింది. ముందురాత్రి బంధువుల ఇంట పెళ్ళి, సరిగా నిద్ర లేదు. ఇవన్నీ నాకు తరువాత తెలిసిన వివరాలు. ఆ క్షణాన నాకు కనిపించినది, రోడ్డు మీద అటూ ఇటూ తూలుతున్న ఒక మనిషి. స్కూటరు ఆపి పేరడిగితే చెప్పలేకపోయాడు. ఆగమంటే నా మీద కోపగించుకున్నాడు. మరి నాలుగడుగులు వేసి కుప్పకూలిపోయాడు.

చుట్టూ చేరినవారు వెంటనే ఆటోను పిలిచారు. ఆసుపత్రికి తీసుకుపోవాలన్న తొందర వారిది. నేను వద్దన్నాను. 108కు ఫోను చేయించి, అంతవరకు అతణ్ణి అక్కడే చల్లబరచాలన్నాను. ఆళ్లగడ్డ శిల్పులకు ప్రసిద్ధి కదా! ఆ రోడ్డు పక్కన వారి పని షెడ్లు ఉన్నాయి. అక్కడ రాయి కోసేటప్పుడు వాడే నీటి డ్రమ్ములు నిండుగా ఉన్నాయి. శిల్పులు నా మాట పూర్తికాకముందే అతణ్ణి నీడలోకి చేర్చి, చొక్కా విప్పి, బకెట్లతో నీళ్ళు గుమ్మరించారు. గోనె సంచులు తడిపి మెడ చుట్టూ, చంకలలో, గజ్జలలో పెట్టారు. ఒకరు టేబులు ఫ్యాను తెచ్చి తలవైపు తిప్పారు. అంబులెన్సు వచ్చేసరికి ఆ యువకుడు కళ్ళు తెరచి, తన పేరు తాను చెప్పగలిగాడు.

మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినలేదని నిర్ధారించుకున్న తరువాత ఇంటికి పంపారు. పరామర్శకు వెళ్ళినప్పుడు అతని తల్లి నన్ను తిట్టలేదు. కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, నెమ్మదిగా ఒక్కమాట అన్నది: "ఆరోగ్యానికి మంచిదని మీరు చెబితిరని గదా సార్, పిల్లోణ్ణి పంపిస్తిని." నా వైద్యజీవితంలో విన్న నిష్ఠూరాలన్నిటిలో ఆ మాట నన్ను ఎక్కువగా బాధించింది.

తిరిగి వస్తూ ఆ శిల్పులకు కృతజ్ఞతలు చెప్పడానికి ఆగాను. వారిలో పెద్దాయన ఉలి పక్కన పెట్టి అన్నాడు: "ఎండాకాలం మేము చీకట్లోనే పనికి దిగుతాం సార్. ఎండెక్కితే ఆపేస్తాం. రాయి యాడికి పోతాది, రేపైనా ఈడనే ఉంటాది." వైద్యశాస్త్రం చదివిన నాకు తోచని వివేకం ఆయన దినచర్యలోనే ఉన్నది.

శరీరం అడిగే గడువు

ఆ రోజు ఏమి జరిగిందో పాఠకులకు కొంత వివరించాలి. పరుగుకు శరీరం ఖర్చు చేసే శక్తిలో దాదాపు మూడు వంతులు వేడిగా మారుతుంది, ఒక వంతు మాత్రమే కదలికకు ఉపయోగపడుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి మనకున్న ప్రధాన సాధనం చెమట. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తనతో తీసుకుపోతుంది. చెమట పట్టడానికి చర్మానికి ఎక్కువ రక్తం కావాలి, పరుగెత్తడానికి కండరాలకూ ఎక్కువ రక్తం కావాలి. గుండె ఈ రెండు అవసరాలనూ తీర్చలేనప్పుడు లోపలి ఉష్ణోగ్రత పెరుగుతుంది. అది 40 డిగ్రీల సెల్సియస్ దాటి మెదడు పనితీరు తప్పితే, దానిని శ్రమ వలన కలిగే వడదెబ్బ అంటారు.

ఎండకు నిస్సహాయంగా పడి ఉన్న వృద్ధులలో కనిపించే వడదెబ్బకూ దీనికీ ఒక తేడా ఉన్నది. శ్రమ వలన వచ్చే వడదెబ్బలో ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండవచ్చు. "చెమట పోస్తున్నది కదా, వడదెబ్బ కాదులే" అనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. తూలడం, తికమకగా మాట్లాడడం, అకారణంగా కోపగించుకోవడం, ఇవే తొలి గుర్తులు. అప్పుడు చేయవలసినది మొదట చల్లబరచడం, తరువాత తరలించడం. మెదడును, మూత్రపిండాలను కాపాడేది తొలి అరగంటే. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయరాదు. జ్వరపు మాత్రలు ఈ వేడిని తగ్గించవు.

శరీరానికి వేడి అలవాటు కావడానికి పది నుండి పద్నాలుగు రోజులు పడుతుంది. రోజూ కొంత కొంతగా వేడిలో శ్రమిస్తే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, గుండె వేగం నెమ్మదిస్తుంది. కొన్ని వారాలు వేడికి దూరంగా ఉంటే ఈ మార్పులన్నీ కరిగిపోతాయి. ఏ.సి. గది నుండి వచ్చి మూడు రోజులే అయిన ఆ యువకుడి శరీరానికి ఆ గడువు దొరకలేదు.

ఈ పది, పద్నాలుగు రోజుల లెక్క చూసినప్పుడు నాకు మన కార్తెలు గుర్తుకువచ్చాయి. మన రైతులు సంవత్సరాన్ని ఇరవై ఏడు కార్తెలుగా విభజించుకుని, ఏ కార్తెలో ఏమి విత్తాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించుకుంటారు. ఒక్కొక్క కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. వేడికి శరీరం అలవాటు పడే గడువు కూడా ఇంచుమించు ఒక కార్తె. అది కాకతాళీయమే కావచ్చు, కానీ జ్ఞాపకం పెట్టుకోవడానికి ఎంతో అనుకూలం. ఆ రోజు నుండి మా బృందంలో ఒక నియమం వచ్చింది: బయటి ఊరి నుండి వచ్చినవారు, జ్వరం నుండి కోలుకున్నవారు, చాలాకాలం మాని తిరిగి వచ్చినవారు ఒక కార్తె పాటు నడవాలి. పరుగు ఆ తరువాతే.

జెండాలు

మనుషుల గుంపును ఎండలో నడిపించవలసిన సమస్య మా ఒక్కరిదే కాదు. 1950లలో అమెరికా మెరైన్ దళం వారికి పారిస్ ఐలండ్ శిక్షణ శిబిరంలో ఇదే చిక్కు ఎదురైంది. కొత్తగా చేరిన యువకులు కవాతులలో వడదెబ్బకు గురయ్యేవారు. అక్కడి పరిశోధకులు గాలి వేడిమి ఒక్కటే కొలిస్తే చాలదని గ్రహించారు. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం, నల్లని గోళంలో ఉంచిన ఉష్ణమాపకం, మామూలు ఉష్ణమాపకం, ఈ మూడింటినీ కలిపి ఒక సూచిక తయారుచేశారు. అందులో తడి ఉష్ణమాపకానికి పదింట ఏడు వంతులు, నల్లని గోళానికి రెండు వంతులు, మామూలు దానికి ఒక వంతు మాత్రమే విలువ. ఆ సూచికను బట్టి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నలుపు రంగుల జెండాలు ఎగురవేసి ఆనాటి శిక్షణను తగ్గించడమో, ఆపడమో చేసేవారు.

తడికి అంత విలువ ఎందుకంటే, గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆవిరి కాదు, కారిపోతుంది. కారిపోయిన చెమట శరీరాన్ని చల్లబరచదు. 2019 సెప్టెంబరులో దోహాలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలలో మహిళల మారథాన్‌ను ఎండకు భయపడి అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా ఉష్ణోగ్రత 32 డిగ్రీలు, తేమ 70 శాతం దాటి ఉండడంతో, బయలుదేరిన 68 మందిలో 40 మంది మాత్రమే ముగించగలిగారు. సూర్యుడు లేనంత మాత్రాన వేడి లేదనుకోరాదు. మన వైపు మృగశిర కార్తెలో తొలకరి పడిన మరునాడు ఉదయం ఇటువంటిదే. ఉష్ణోగ్రత తగ్గిందన్న సంతోషంతో వేగం పెంచుతాము, ఆ ఉక్కలో ఒంటి మీది చెమట ఆరదు.

మాకు అటువంటి సాధనాలు లేవు. కానీ జెండాల పద్ధతిని మా స్థాయికి తగినట్లు తెచ్చుకున్నాము. పచ్చ జెండా నాడు మామూలు పరుగు. పసుపు నాడు సగం దూరం, పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత వేగమే. ఎరుపు నాడు అందరికీ నడక మాత్రమే. నలుపు నాడు రోడ్డు మీదికి వెళ్ళము. అయినా కలుసుకుంటాము, పాఠశాల వరండాలో దండీలు, బస్కీలు, సాగదీసే వ్యాయామాలు చేసి, రక్తపుపోటు చూసుకుని, టీ తాగి వెళతాము.

ఏ జెండా అన్నది ఎవరు నిర్ణయించాలి? నా అనుభవంలో అసలు చిక్కు ఇదే. ఉదయం గుంపు మధ్య నిలబడి "ఈరోజు వద్దు" అనడం చాలా కష్టం. అందుకని శనివారం రాత్రి ఎనిమిది గంటలకు, మరునాడు పరుగెత్తబోని ఇద్దరు వాతావరణ సూచన చూసి నిర్ణయిస్తారు. వేడి, తేమ, మేఘాలు మూడూ చూస్తారు. ఉదయం పరిస్థితి ఇంకా విషమిస్తే జెండాను మార్చవచ్చు. అయితే కఠినం చేయవచ్చు గాని సడలించరాదు. అతిథులెవరున్నా ఈ నియమం మారదు. టోక్యో ఒలింపిక్స్ వారే మారథాన్‌ను వేడికి భయపడి ఎనిమిది వందల కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న సప్పోరోకు తరలించి, అది చాలక 2021లో మహిళల పరుగును ముందురాత్రి నిర్ణయంతో ఒక గంట ముందుకు జరిపారు. అంతటివారు మార్చుకోగలిగినప్పుడు మన మొహమాటం ఎంత?

కాలానికొక పద్ధతి

నంద్యాల ప్రాంతం తూర్పున నల్లమల, పడమర ఎర్రమల కొండల మధ్య ఉన్నది. వేసవిలో ఇక్కడి వేడి రాత్రికి కూడా పూర్తిగా దిగదు. నాపరాళ్ళు పరచిన వీధులు, సిమెంటు గోడలు పగలు తాగిన ఎండను తెల్లవార్లూ కక్కుతుంటాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే చివరన ఇక్కడ సూర్యోదయం దాదాపు ఐదూ ముప్పావుకు. కనుక ఐదింటికే బయలుదేరి, చెట్లున్న మట్టిబాట పట్టి, మూడు కిలోమీటర్లతో ముగిస్తాము. చివరన ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఉంటుంది, లేదా కుండనీటితో కలిపిన నన్నారి షర్బత్. అయితే దాహాన్ని మించి లీటర్లకొద్దీ మంచినీళ్ళు తాగడం కూడా మేలు కాదు, రక్తంలో సోడియం పడిపోతుంది. రక్తపుపోటుకు మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వాడేవారు వేసవికి ముందే తమ వైద్యులతో మాట్లాడాలి, సొంతంగా మానరాదు.

వానాకాలపు భయాలు వేరు. మొదటిది పిడుగు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్లు కూడా లేకపోతే వెంటనే పక్కా భవనంలోకి చేరాలి. చెట్ల కింద నిలబడరాదు. చివరి ఉరుము వినిపించిన తరువాత అరగంట ఆగాలి. రెండవది నీరు. కుందూ నది, చామకాలువ పొంగితే ఏమవుతుందో నంద్యాలవారికి నేను చెప్పనక్కరలేదు. 2019 సెప్టెంబరులో కుందూ వరద మనమందరం చూసినదే. రోడ్డు మీద పారుతున్న నీటిని, అది మోకాలి లోతే అయినా, దాటే ప్రయత్నం చేయరాదు. మూడవది మన నల్లరేగడి. తడిసిన రేగడి బూటుకు అంటుకుని అడుగడుగుకూ బరువెక్కుతుంది, చీలమండ మడతపడుతుంది. కనుక వానాకాలంలో మట్టిబాట వదలి తారురోడ్డు పడతాము. మధుమేహం ఉన్నవారు తడి మేజోళ్ళను వెంటనే మార్చుకుని, వేళ్ళ సందులు ఆరబెట్టుకుని, పాదాలను రోజూ చూసుకోవాలి. నిలువ నీటిలో నడిచిన కొన్ని రోజులకు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడడం కనిపిస్తే ఎలుకల మూత్రం వలన వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చునని వైద్యునికి గుర్తుచేయాలి.

చలికాలం మనకు మిత్రుడే, అయినా అతనితో పని నెమ్మదిగా మొదలుపెట్టాలి. చలికి రక్తనాళాలు సంకోచిస్తాయి. తెల్లవారుజామున రక్తపుపోటు సహజంగానే పెరుగుతుంది. గుండెపోట్లు ఉదయపు వేళలలో ఎక్కువ కావడానికి ఇదొక కారణం. జనవరిలో సూర్యోదయం ఆరూ ముప్పావు దాటిన తరువాతే. అందుకని మా పరుగు కూడా ఏడింటికి జరుగుతుంది, పది నిమిషాల నడక లేకుండా ఎవరూ పరుగెత్తరు. ఉబ్బసం ఉన్నవారు పీల్చే మందును జేబులో ఉంచుకుంటారు. భోగినాడు మంటల పొగ పలుచబడే వరకు బయలుదేరము.

ఇప్పుడు ఆళ్లగడ్డ పరుగు

మా ఆళ్లగడ్డ పరుగును మానలేదు, ఏప్రిల్ నుండి జనవరి చివరికి మార్చుకున్నాము. అహోబిల నరసింహస్వామి పల్లకి కనుమనాడు బయలుదేరి పారువేటకు ఊరూరా తిరిగే రోజులవి. చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగే ఆ సుదీర్ఘ ప్రయాణం చల్లని నెలలలోనే సాగడం చూసినప్పుడు, మా పెద్ద పరుగుకు కూడా ఇదే తగిన కాలమని నాకు అనిపిస్తుంది. పరుగు మొదలయ్యే వేళను ఎవరి కోసమూ జరపము. శాలువాలు, ప్రసంగాలు ఉంటే పరుగు ముగిసిన తరువాతే. దారిలో ప్రతి రెండు కిలోమీటర్లకు నీళ్ళ డ్రమ్ము, తడి గోనె సంచులు సిద్ధంగా ఉంటాయి. జనవరిలో అవి అవసరం పడకపోవచ్చు. అయినా ఉంచుతాము.

ఆ యువకుడు ఏటా ఆ పరుగుకు వస్తాడు. రెండు వారాల ముందు నుండే బెంగళూరులో నడుస్తున్నానని ఫోను చేసి చెబుతాడు. అతని తల్లి మాత్రం పరుగు ముగిసే చోట నిలబడి, అతడు వచ్చేవరకు ఎవరితోనూ మాట్లాడదు.

గత రోహిణి కార్తెలో ఒక ఆదివారం ఎర్రజెండా పడింది. కొత్తగా చేరిన ఒక విద్యార్థి, మెల్లగా నడుస్తున్న మమ్మల్ని చూసి, "ఇదేం పరుగు సార్?" అన్నాడు. నేను నవ్వి అతనితో పాటు నడిచాను. ఆరోజు వచ్చినవారు ముప్పై ఎనిమిది మంది. తిరిగి మైదానం చేరినవారిని కూడా లెక్కపెట్టాను, ముప్పై ఎనిమిది మందీ ఉన్నారు. ఆళ్లగడ్డ సంఘటన తరువాత ప్రతి ఆదివారం ఈ లెక్క నేనే చూసుకుంటున్నాను. మీ ఊరిలో ఇటువంటి బృందం నడుపుతున్నవారు ఎవరైనా ఉంటే, ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క కన్న ముందు ఈ లెక్క రాసుకోండి.